గొంతు పంపని నంబరు

గురువారం ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు ‘జువాలజీ సిస్టర్స్’ అనే వాట్సాప్ గ్రూపు నుంచి ఒక నంబరును తీసేశారు. తీసేసింది గ్రూపు అడ్మిన్ రుచిత. వెంటనే ఆమె ఒక ఫొటో, ఒక మెసేజి పెట్టింది. ఫొటోలో షేర్వానీ వేసుకున్న అబ్బాయి ఉన్నాడు. మీసం అప్పుడప్పుడే వస్తోంది. కింద ఆకిబ్ అని పేరు ఉంది. మెసేజి ఇది: ‘మరియం అని మనం అనుకున్న నంబరు అబ్బాయిది. అందరూ బ్లాక్ చేయండి. పర్సనల్‌గా మాట్లాడినవాళ్లు జాగ్రత్త.’

సోమవారం యానిమల్ ఫిజియాలజీ పరీక్ష ఉంది.

రుచితది నిజామాబాద్ టౌన్. బీఎస్సీ రెండో సంవత్సరం. నిరుడు ఆమే ఈ గ్రూపు మొదలుపెట్టింది. ఇందులో ఉన్నవాళ్లలో చాలామంది ఇంటర్ దాకా తెలుగులోనో ఉర్దూలోనో చదివారు. డిగ్రీకి వచ్చేసరికి పుస్తకం ఇంగ్లీషులో ఉంది. నందిపేట్, మోస్రా, ఏర్గట్ల, బోధన్ నుంచి వచ్చే అమ్మాయిలకు బస్సు తప్పితే ఆ రోజు పాఠం తప్పినట్టే. అందుకని పని పంచుకున్నారు. ఒకరు పాఠం చదివి తెలుగులో వాయిస్ మెసేజి పెడతారు. ఒకరు బొమ్మలు గీసి ఫొటో పెడతారు. ఒకరు పాత ప్రశ్నపత్రాలు తెస్తారు.

గ్రూపులో అమ్మాయిలే ఉండాలి. డీపీగా ఎవరి ముఖం పెట్టకూడదు. గులాబీ, పిల్లి, బొమ్మ, ఏదైనా పెట్టుకోవచ్చు. కొత్తగా చేరేవాళ్లు తమ పేరు, కాలేజీ పేరు స్వయంగా చెబుతూ వాయిస్ మెసేజి పంపాలి. గొంతు వింటే అమ్మాయో కాదో తెలుస్తుందని ఆ ఏర్పాటు.

ఆ చివరి నిబంధనను రుచిత ఒక్కసారే పక్కన పెట్టింది. ఆఫియా అనే సభ్యురాలు తన పిన్ని కూతురు మరియంను చేర్చమని అడిగింది. ‘వాళ్లింట్లో గొంతు పంపనివ్వరు, నా మాట మీద తీసుకో’ అంది. రుచిత తీసుకుంది. అప్పటి నుంచి రెండు సెమిస్టర్లుగా ఆ నంబరు నుంచి బొమ్మలు వచ్చాయి. గుండె, కిడ్నీ, నెఫ్రాన్, నాడీకణం. పెన్సిల్‌తో గీసి, భాగాల పేర్లు ఇంగ్లీషులో రాసినవి. మాటలు కూడా ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగులోనే వచ్చాయి. గొంతు ఒక్కసారీ రాలేదు.

నంబరు ఆకిబ్‌దే, అతను మరియం తమ్ముడు. వాడింది మరియమే. బోధన్‌లో వాళ్ల నాన్న అయ్యూబ్‌కు వెల్డింగ్ దుకాణం ఉంది. చెరుకు ట్రాక్టర్ల ట్రాలీలు బాగుచేస్తాడు. ఆయన దగ్గర బటన్ల ఫోన్ ఉంది. ఇంట్లో టచ్ ఫోన్ ఒక్కటే, అది తండ్రితోపాటు దుకాణంలో పనిచేసే ఆకిబ్‌ది. అతను మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు, మళ్లీ సాయంత్రం దుకాణం కట్టేశాక అది అక్క చేతికి వెళ్తుంది. ఫోన్‌లో అక్క మెసేజిలన్నీ ఒక పక్కన దాచి ఉంటాయి. ఆకిబ్ వాటిని తెరవడు.

బుధవారం రాత్రి వర్ని రోడ్డులో ఆఫియా పెళ్లి జరిగింది. గురువారం పొద్దున ఆకిబ్ ఆ పెళ్లిలో దిగిన ఫొటోను డీపీగా పెట్టుకున్నాడు. అక్క గ్రూపు సంగతి అతనికి గుర్తు రాలేదు. అక్క తరఫున మాట ఇచ్చిన ఆఫియా ఆ సమయానికి అత్తగారింటికి వెళ్లే కారులో ఉంది. ఆమె ఫోన్ స్విచాఫ్‌లో ఉంది. రుచిత రెండుసార్లు చేసి చూసి, నంబరు తీసేసింది.

*

నందిపేట్‌లో పోశన్న ఇంట్లో ఫోన్లన్నీ టీవీ కింద బల్ల మీద చార్జింగ్‌లో ఉంటాయి. ఎవరి ఫోన్ మోగినా దగ్గరున్నవాళ్లు చూస్తారు. ఆ పొద్దున దీక్షిత ఫోన్ వరసగా మోగింది. దగ్గరున్నది ఆమె అన్న నరేందర్.

దీక్షిత చాయ్ గ్లాసులు తీసుకొని వచ్చేసరికి అతను నిలబడి ఉన్నాడు.

"ఎవడే ఈ ఆకిబ్?"

"ఏ ఆకిబ్?"

"నన్నే అడుగుతవా? మరియం బోధన్ అని పేరు వెట్టి దాపెట్టుకున్నవ్ గదా. గా మరియం."

"మరియం ఆడివిల్ల అన్నా. మా గ్రూపుల బొమ్మలు గీస్తది."

"ఆడివిల్లకు షేర్వానీ ఏందే?"

దీక్షిత ఫొటో చూసింది. నరేందర్ ఆ నంబరుతో ఆమె మాట్లాడినవి తెరిచాడు. గ్రూపులో కాక విడిగా దీక్షిత పంపిన వాయిస్ మెసేజిలు చాలా ఉన్నాయి. ఎక్కువ భాగం పాఠాలే. మధ్యలో కొన్ని వేరేవి. బస్సు ఆలస్యమైందని, పరీక్ష ఫీజు తారీకు మారిందని, ఇంట్లో ఏం కూర అని. ఒకదానిలో ఇలా ఉంది: ‘నువ్వు లేకుంటే పోయిన సెమిస్టర్ల నేను పాసయ్యేదాన్ని గాదు. మీ అమ్మికి సలాం జెప్పు.’

"తల్లి దాక వోయిందా ముచ్చట!" అన్నాడు నరేందర్.

పోశన్న అప్పుడే చెల్క నుంచి వచ్చాడు. పసుపు తవ్వకం మొదలై రెండో రోజు. కాళ్ల మట్టి కడుక్కుని, కొడుకు చెప్పింది విని, కూతుర్ని అడిగాడు.

"ఆ పిల్ల గొంతు ఒక్కపారన్న ఇన్నవా?"

"ఇనలే బాపు."

"మొఖం సూసినవా?"

"సూడలే."

"మరి ఆడివిల్ల అని నీకెట్ల ఎర్క?"

"ఆఫియా జెప్పింది."

"ఆఫియాకు ఫోన్ జెయ్యి."

ఫోన్ చేసింది. స్విచాఫ్.

దీక్షితను డిగ్రీలో చేర్చినప్పుడు పోశన్న ఒక మాట చెప్పాడు. ఒక్క పేపరు పోయినా చదువు ఆగుతుందని. ఆమె ఒప్పుకునే చేరింది. ఇప్పటి వరకు ఒక్క పేపరూ పోలేదు. ఆ పొద్దున ఆయన ఇంకో మాట చెప్పాడు.

"వాడెవడో తేలేదాక పరీక్షలు లేవు, ఏం లేవు. పసుపు తవ్వుడున్నది. వచ్చి పని జెయ్యి."

"సోమారం పేపరున్నది బాపు. రాయకుంటే పోయినట్టే."

"తేలకుంటే పోనియ్యి."

దీక్షిత తల్లి రాధాబాయి వంటింటి గుమ్మంలో నిలబడి, "బువ్వన్న తినిపొమ్మనుండ్రి" అంది. దీక్షిత తినకుండానే చెల్కకు వెళ్లింది. నరేందర్ ఆమె ఫోన్‌ను జేబులో వేసుకున్నాడు. ఆ నంబరును బ్లాక్ చేశాడు. రుచిత పెట్టిన ఫొటోను తన ఫోన్‌కు పంపుకొని, అక్కడి నుంచి తన దోస్తుల గ్రూపులో పెట్టాడు. కింద రాశాడు: ‘బోధన్ అట. ఎవరికన్న ఎర్కైతే చెప్పుండ్రి.’

*

అదే మధ్యాహ్నం బోధన్‌లో మరియం తమ్ముడి ఫోన్ తీసుకుంది. గ్రూపు కనిపించింది కానీ రాయడానికి వీల్లేదు. దీక్షితకు మెసేజి పెట్టింది. ఒక్క టిక్కే పడింది. రుచితకు పెట్టింది. అదీ ఒక్క టిక్కే. తర్వాత తమ్ముడి డీపీ చూసింది.

ఆ ఇంట్లో ఉర్దూలో మాట్లాడుకుంటారు. ఫొటో ఎప్పుడు మార్చావని అడిగింది. పొద్దున అన్నాడు. ఎందుకు మార్చావంది. పెళ్లి కదా అన్నాడు. ఆమె ప్లేటు పక్కకు జరిపింది. ఆకిబ్‌కు విషయం అర్థమై వెంటనే షేర్వానీ ఫొటో తీసేసి, పాతదే పెట్టాడు. అది పూలకుండీ బొమ్మ.

నంబరును ఇంకా బ్లాక్ చేయని ఒక అమ్మాయి ఆ మార్పు చూసింది. గ్రూపులో రాసింది: ‘ఫొటో తీసేసిండు సూడుండ్రి. దొరికిపోయిన అని తెల్సింది.’ దాని కింద చాలామంది చేతులు జోడించిన గుర్తులు పెట్టారు.

దీక్షిత నాలుగో యూనిట్ వాయిస్ మెసేజి గురువారం పంపుతానని అంతకుముందే చెప్పి ఉంది. కండరం ఎలా ముడుచుకుంటుందనే పాఠం. అది మరియంకు రాలేదు. పుస్తకంలో ఆ పాఠం పదకొండు పేజీలు. ఆమె పుస్తకం తెరిచి మొదటి పేజీ మూడుసార్లు చదివింది.

శుక్రవారం మధ్యాహ్నానికి నరేందర్‌కు జవాబు వచ్చింది. చెరుకు ట్రాక్టర్ నడిపే ఒకతను ఫొటోలోని అబ్బాయిని గుర్తుపట్టాడు. ‘అయ్యూబ్ భాయ్ కొడుకు. మా ట్రాలీ వాళ్ల దగ్గర్నే చేయిస్తం’ అని రాశాడు. ఈలోగా ఫొటో ఆ గ్రూపు దాటి వేరే గ్రూపుల్లోకి వెళ్లింది. పేరు, షేర్వానీ చూసి కొందరు మతం తెచ్చి మాటలు రాశారు. ఇద్దరు ముగ్గురు తామూ బండ్లు తీసి బోధన్ వస్తామన్నారు.

ఆఫియా ఫోన్ అప్పటికీ స్విచాఫ్‌లోనే ఉంది. నరేందర్ ఆ సంగతి తండ్రికి చెప్పాడు. పోశన్న బీడీ ఆర్పాడు.

"పది బండ్లేసుకోని పోతె గది అడుగుడు గాదు, కొట్లాట. మనిద్దరమే పోదాం. నువ్వు నోరు మూసుకోని రావాలె."

"నేనేమన్న అన్ననా?"

"నిన్న పొద్దుగాల్ల సంది అంటనే ఉన్నవ్."

*

శనివారం పదకొండున్నరకు తండ్రీకొడుకులు బైక్ మీద బోధన్ చేరారు. దుకాణం ముందు ఒక ట్రాలీని పక్కకు వాల్చి ఉంచారు. అయ్యూబ్ దాని ఇరుసు దగ్గర వెల్డింగ్ చేస్తున్నాడు. మనుషులు వచ్చినట్టు చూసి నల్లద్దాలు పైకి లేపాడు.

"ఏ ఊరు పటేల్?"

"నందిపేట్."

"గంత దూరంకెల్లి నా దగ్గరికొచ్చిన్రా? ట్రాలీ ఏది?"

"ట్రాలీ లేదు."

అయ్యూబ్ ఇద్దరి ముఖాలూ చూశాడు. స్టూళ్లు వేయించి చాయ్ చెప్పాడు.

"పసుపు తవ్వుడు షురూ అయిందా?"

"అయింది. మంది దొరుకుతలేరు."

"చెరుకుకు గూడ అంతే. మహారాష్ట్రకెల్లి మంది వస్తెనే కోత. వాళ్లు రాలే, బండ్లు నిలవడ్డయ్. బండ్లు నిలవడ్డప్పుడే అందరికీ రిపేర్లు యాదికొస్తయ్."

నరేందర్ తండ్రి మోకాలు తట్టాడు. పోశన్న అతని వైపు చూడలేదు. చాయ్ వచ్చింది. సగం తాగాక అడిగాడు.

"భాయ్, నీకు ఆకిబ్ అని కొడుకున్నడా?"

"ఉన్నడు. ఏం జేసిండు?"

"ఏం జేసిండో అడుగుదామనే వచ్చినం."

అయ్యూబ్ పిలిచాడు. ఆకిబ్ ట్రాలీ వెనక నుంచి వచ్చాడు. చేతులకు, ముఖానికి మసి. నరేందర్ ఫోన్‌లో ఫొటో చూసి, మనిషిని చూసి, మళ్లీ ఫొటో చూశాడు.

"ఫొటోల నవాబు లెక్క ఉన్నవ్. ఈడ గిట్లున్నవేంది?"

"అది కిరాయి షేర్వానీ అన్నా" అన్నాడు ఆకిబ్.

"దీక్షిత ఎవరో ఎర్కనా?"

"ఎర్కలేదు."

"నీ ఫోన్లకు గిన్ని వాయిస్ మెసేజిలు పంపింది. ఎర్కలేదంటవ్?"

ఆకిబ్ చేయి పాంటుకు తుడుచుకొని ఫోన్ తీశాడు. పక్కన దాచిన మెసేజిలు ఉన్న చోటు చూపించాడు. తెరవలేదు.

"ఇవి మా ఆపావి, మా అక్కవి. నేను తెరవ. తెరిస్తే తంతది."

అయ్యూబ్‌కు ఈ మూడు రోజుల సంగతి అప్పటి దాకా తెలియదు. మరియం చెప్పలేదు. ఆకిబ్ చెప్పలేదు. నరేందర్ జరిగింది మొదటి నుంచి చెప్పాడు. మధ్యలో అయ్యూబ్ ఆపాడు.

"నా పిలగాని ఫొటో నువ్వు ఎంతమందికి పంపినవ్?"

"మా దోస్తుల గ్రూపుల వెట్టిన. గంతే."

"వాళ్లు?"

పోశన్న గ్లాసు కింద పెట్టాడు.

"భాయ్, మీ బిడ్డనే అనుకుందాం. రెండు సెమిస్టర్ల సంది మాట్లాడుతున్నరు. ఒక్కపారన్న గొంతు పంపలే. ఎందుకు?"

"నేను పంపొద్దన్న" అన్నాడు అయ్యూబ్. "సదువుకో అన్న. రాసుకో, బొమ్మలు గీసుకో అన్న. గొంతు మాత్రం వద్దన్న. ఫోన్ల వడ్డది యాడికి వోతదో మన చేతుల ఉండది. తప్పా పటేల్?"

పోశన్న కొడుకు చేతిలోని ఫోన్ చూశాడు. షేర్వానీ ఫొటో ఇంకా తెరిచే ఉంది.

"తప్పని నేనెట్లంట? ఒక్క ఫొటో వోతెనే మేము గీడిదాక వచ్చినం."

అయ్యూబ్ లేచి మెయిన్ స్విచ్ ఆపాడు. "ఇంటికి రాండ్రి" అన్నాడు.

*

ఇల్లు దుకాణం వెనక సందులో. ముందు గదిలో కుర్చీలు వేశారు. లోపలి గది గుమ్మానికి పరదా ఉంది. అయ్యూబ్ భార్య సాలేహా పెళ్లిలో మిగిలిన డబల్ కా మీఠా తెచ్చి పెట్టింది. అయ్యూబ్ లోపలికి వెళ్లి కొంతసేపు మాట్లాడి వచ్చాడు. ఆయన కూర్చున్నాక పరదా వెనక నుంచి మాట వినిపించింది.

"నమస్తే చాచా. నేనే మరియం. ఏమడుగుతరో అడుగుండ్రి."

పోశన్న కొడుకు వైపు చూశాడు. "అడుగు. నువ్వే గదా అడుగుతనంటివి."

"ఏమడగాలె? ఫిజియాలజీ అడిగితే జవాబు నాకు ఎర్కుండాలె గద" అన్నాడు నరేందర్. తండ్రి వైపు తిరిగి, "ఇంట్ల ఆడివిల్ల ఉంటే సరివోతదా బాపు? మెసేజిలు పెట్టింది ఈ పిల్లనే అని ఎట్ల ఎర్క?" అన్నాడు.

పోశన్న పరదా వైపు తిరిగాడు.

"సదువు ముచ్చట వద్దు బిడ్డా. మా దీక్షిత మా ఇంటి గురించి నీకేం జెప్పింది?"

"చెప్పాలా చాచా?"

"చెప్పు."

"మీరు పసుపు ఉడకవెట్టేటప్పుడు పాట పాడతరట."

"ఆఁ."

"అస్సలు బాగుండదట. గని మీరు పాడకుంటే కడాయి కాడ అందరికీ నిద్రొస్తదట. అందుకే ఎవరూ ఆపుమనరట."

నరేందర్ నవ్వాడు. తండ్రి చూసేసరికి ఆపాడు.

"నరేందర్ అన్న గురించి గూడ చెప్పింది. చెప్పాలా?"

"వద్దు" అన్నాడు నరేందర్.

సాలేహా, "ఇంకొంచెం తినుండ్రి" అంటూ గిన్నె అతని వైపు జరిపింది.

పోశన్న తన ఫోన్ తీసి భార్యకు చేశాడు. ఆమె చెల్కలో ఉంది. దీక్షితకు ఇమ్మన్నాడు. స్పీకర్ పెట్టి, ఫోన్‌ను అయ్యూబ్ చేతికిచ్చాడు. అయ్యూబ్ పరదా పక్క నుంచి దాన్ని కూతురికి అందించాడు.

"దీక్షితా, నేను."

అవతల ఎవరో కూలీని పిలుస్తున్నారు.

"నేను మరియంను."

"ఎవరు?"

రెండు సెమిస్టర్లలో దీక్షిత ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. పోశన్న ముందుకు వంగాడు.

"కిడ్నీల హెన్లీ లూప్ నువ్వే చెప్పినవ్ గద" అంది మరియం. "మీ చెల్కల కాలువ లెక్క అన్నవ్. దిగే కాడ నీళ్లు ఇంకిపోతయ్, ఎక్కే కాడ ఉప్పు బయటికొస్తది అన్నవ్. నేను కాలువనే గీసి పంపిన. మడికి కట్ట ఏదే, నీళ్లు మందోళ్ల చెల్కలకు వోతయ్ అని తిట్టినవ్."

దీక్షిత గొంతు పెద్దదైంది.

"మరియమా? నీ గొంతు గిట్లుంటదా?"

"ఎట్లుంటదనుకున్నవ్?"

"సన్నగుంటదనుకున్న."

"సర్ది అయింది. పెళ్లిల ఐస్‌క్రీం తిన్న."

"ఎన్ని?"

"నాలుగు."

ఆకిబ్ గుమ్మం దగ్గర నుంచి, "ఆరు" అన్నాడు.

"నాల్గో యూనిట్ ఇన్నవా?" అని అడిగింది దీక్షిత.

"యాడికెల్లి ఇంట? నువ్వు బ్లాక్ చేసినవ్ గద."

"నేను గాదే. మా అన్న."

గదిలో ఉన్నవాళ్లంతా నరేందర్ వైపు చూశారు. అతను జేబులోంచి దీక్షిత ఫోన్ తీసి బ్లాక్ తొలగించాడు. ఆకిబ్ ఫోన్‌కు వెంటనే ఏమీ రాలేదు. దీక్షిత ఆ పాఠం ఇంకా రికార్డు చేయలేదు. గురువారం నుంచి ఆమె చేతిలో ఫోన్ లేదు.

లేచే ముందు అయ్యూబ్ ఒక్కటే అడిగాడు. ఫొటో తీసేయమని. నరేందర్ ఆయన ఎదుటే తన గ్రూపులోంచి దాన్ని తీసేసి, ‘తప్పు మనిషి. ఎవరెవరు పంపిన్రో వాళ్లు గూడ తీసెయ్యుండ్రి’ అని రాశాడు. ఇద్దరు సరేనన్నారు. ఒకడు, ‘బిర్యానీ తినవెట్టిన్రా?’ అని రాశాడు. నరేందర్ దాన్ని అయ్యూబ్‌కు చూపించలేదు. నరేందర్ నంబరు మాత్రం ఆకిబ్ తీసుకున్నాడు. ఎవరైనా ఫోన్ చేసి బెదిరిస్తే తనకు చెప్పమన్నాడు నరేందర్.

తిరుగు దారిలో నిజామాబాద్ దాటాక పోశన్న వెనక నుంచి అడిగాడు.

"నా పాట గంత పాడుగుంటదారా?"

"కడాయి కాడికి సరివోతది బాపు."

నందిపేట్ చేరేసరికి దీక్షిత పసుపు కొమ్ములు విరుస్తోంది. పోశన్న చెప్పులు విడుస్తూ, "హాల్ టికెట్ యాడ వెట్టినవ్?" అన్నాడు. ఆమె లేచి ఇంట్లోకి వెళ్లి తెచ్చి చూపించింది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకోలేదు. "ఆ చేతులు కడుక్కోని పట్టుకో, పసుపైతది" అన్నాడు.

నరేందర్ ఫోన్ ఇచ్చాడు. దీక్షిత కొత్త లాక్ పెట్టుకుంటానంది. పోశన్న, "మీ అవ్వకు చెప్పి పెట్టుకో" అన్నాడు.

*

ఆదివారం ఉదయం దీక్షిత రుచితకు ఫోన్ చేసి జరిగింది చెప్పింది. మరియంను మళ్లీ చేర్చమంది. రుచిత అంతా విని, కుదరదంది.

"నువ్వు విన్నవ్, నేను వినలే. పోయినసారి ఆఫియా మాట మీద తీసుకున్న, గిట్లయింది. ఇప్పుడు నీ మాట మీద తీసుకుంటే, రేపు నిజంగనే ఎవడన్న వస్తే నన్నే అంటరు. బ్లాక్ తీస్త, అందరు ఇచ్చినట్టే గొంతు ఇయ్యమను."

దీక్షిత ఆ మాట మరియంకు రాసి పంపింది. ఆదివారం కావడంతో ఆకిబ్, అయ్యూబ్ ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. మరియం తండ్రిని అడిగింది. అయ్యూబ్ నిన్న చెప్పిన మాటే చెప్పాడు. ఫోన్‌లో పడింది ఎక్కడికి పోతుందో మన చేతిలో ఉండదని.

ఆకిబ్, ఒక్కసారి వింటే పోయే మెసేజి ఉంటుందన్నాడు. విన్నవాళ్లకు రెండోసారి రాదని, వేరేవాళ్లకు పంపడానికి వీలుండదని చెప్పాడు. అయ్యూబ్ నమ్మలేదు. చూపించమన్నాడు. ఇంట్లో ఇంకో టచ్ ఫోన్ లేదు. ఆకిబ్ నరేందర్ నంబరుకు పంపుదామన్నాడు.

అయ్యూబ్ ఫోన్‌ను నోటికి దగ్గరగా పెట్టుకొని, దుకాణంలో అరిచినట్టే, "హలో నరేందర్, అయ్యూబ్ వెల్డింగ్, బోధన్" అన్నాడు. ఆకిబ్ దాన్ని ఒక్కసారి వినేలా పెట్టి పంపాడు. ఐదు నిమిషాలకు నరేందర్ ఫోన్ చేశాడు.

"ఏంది భాయ్?"

"ఇన్నవా?"

"ఇన్న."

"ఇంకోపారి ఇను."

నరేందర్ మళ్లీ నొక్కి చూశాడు.

"వస్తలేదు భాయ్. తెరిసినవ్ అని చూపిస్తుంది, గంతే."

"ఇంకొకరికి పంపు."

"పంపరాదు."

"పక్కన ఇంకో ఫోన్ వెట్టి రికార్డు జేస్తే?" అన్నాడు అయ్యూబ్.

నరేందర్ ఆలోచించాడు. "అట్ల జేస్తే ఏం జేయరాదు భాయ్" అన్నాడు.

అయ్యూబ్ ఫోన్ పెట్టేసి భార్య వైపు చూశాడు. సాలేహా, వినేది ఆడపిల్లే కదా అంది. ఆయన, "ఒక్కపారి. ఆ పిల్లకు మాత్రమే. గ్రూపుల వద్దు" అన్నాడు.

మరియం రుచితకు పంపిన మెసేజి పొడవు తొమ్మిది సెకన్లు. రుచిత దాన్ని ఒంటరిగా డాబా మీదికి వెళ్లి విన్నానని చెప్పింది. అందులో ఉన్న మాటలు ఆమె చెప్పిన ప్రకారం ఇవి: నా పేరు మరియం, బోధన్, బీఎస్సీ రెండో సంవత్సరం, ఇది మా తమ్ముని ఫోన్, వానికి నేను చెప్పిన, ఇంక మార్చడు.

పన్నెండున్నరకు రుచిత ఆ నంబరును గ్రూపులో చేర్చింది. ‘సారీ మరియం’ అని రాసింది. ఏర్గట్ల అమ్మాయి ఒకామె, ‘షేర్వానీ కిరాయి ఎంతనో అడగవా, మా అన్న పెళ్లున్నది’ అని రాసింది. మరియం దానికి జవాబుగా కండరం బొమ్మ పెట్టింది. గ్రూపు వివరాల్లో రుచిత ఇంకో నిబంధన చేర్చింది: ఫోన్ ఎవరిదో చేరేటప్పుడే చెప్పాలి.

సాయంత్రం దీక్షిత నాలుగో యూనిట్‌ను మూడు భాగాలుగా చెప్పి పంపింది. రెండో భాగం మధ్యలో పోశన్న గొంతు ఉంది. కోళ్లను అదిలిస్తున్నాడు.

సోమవారం ఉదయం పది గంటలకు పరీక్ష మొదలైంది. దీక్షితకు నిజామాబాద్‌లో సెంటర్, మరియంకు బోధన్‌లో. దీక్షితను పోశన్న బైక్ మీద తెచ్చి దించాడు. ఒంటిగంట దాకా గేటు ఎదుట చాయ్ హోటల్ దగ్గర ఉన్నాడు. ఇద్దరు అమ్మాయిలూ హాజరైనట్టు వాళ్ల హాల్ టికెట్ల మీద సంతకాలు ఉన్నాయి.

అదే రోజు పొద్దున మోస్రా నుంచి ట్రాలీ తెచ్చిన రైతు ఒకరు తన ఫోన్‌లో ఆకిబ్ షేర్వానీ ఫొటో చూపించి, "ఇది నువ్వేనా?" అని అడిగాడు. ఫొటో కింద నరేందర్ రాసిన మాటలు పోయి, తిట్లు వచ్చాయి. ఆకిబ్ ఆ సంగతి నరేందర్‌కు ఫోన్ చేసి చెప్పాడు. పంపిందెవరో కనుక్కుంటానన్నాడు నరేందర్. సాయంత్రానికి కనుక్కోలేదు.

ఒంటిగంట దాటాక దీక్షిత సెంటర్ బయట నిలబడి మరియంకు వాయిస్ మెసేజి పంపింది. రెండు టిక్కులు పడ్డాయి. ఆకిబ్ అప్పుడు దుకాణంలో ఉన్నాడు. రెండు గంటలకు అతను భోజనానికి ఇంటికి వెళ్లాడు. రెండు గంటల ఐదు నిమిషాలకు ఆ టిక్కులు నీలంగా మారాయి.